జనగామ పైపుకు కళాయి

మా కాలనీలో కళాయి వేసేవాడు దొరకడం లేదు. పెద్ద సమస్య కాదు, ఒప్పుకుంటాను. ఫోన్ మీద వేలు ఆనిస్తే బిర్యానీ వస్తుంది, ప్లంబర్ వస్తాడు, ఎదురింటి వాళ్ళ కుక్కకు జుట్టు కత్తిరించే అతను కూడా సంచి తగిలించుకుని వస్తాడు. ఇత్తడి గిన్నెకు లోపల తగరం పూసే మనిషి మాత్రం రాడు. మా ఆవిడ గుండిగ ఒకటి ఏళ్ళ తరబడి అటక మీద బోర్లా పడుకుని ఉంది. లోపలి పూత పోయిందని తెలియక ఒకసారి అందులో పచ్చిపులుసు కలిపాం. ఆ రోజు భోజనానికి వచ్చిన మా అల్లుడు మర్యాదస్తుడు కాబట్టి "కొత్త రుచి" అన్నాడు. తర్వాత చాలాకాలం మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

గిన్నెకు సొట్ట లేదు, చిల్లు లేదు. పోయింది గోటి మందం కూడా లేని పూత. దానితో గిన్నె పని అయిపోయింది. దీని గురించి నేను ఇంతగా బాధపడడం చూసి ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. కానీ నా ఉద్యోగ జీవితం మొత్తంలో నలుగురికి చెప్పుకోదగ్గ పని ఒకటే ఉంది. అదీ ఒక పూత గురించే.

ఊళ్ళల్లో వాన నీళ్ళు పోయే పైపులను చూసుకునే శాఖలో నేను ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. బ్రిడ్జి కట్టినవాడికి రిబ్బను కత్తిరింపు ఉంటుంది, నీళ్ళ ట్యాంకు కట్టినవాడికి శిలాఫలకం ఉంటుంది. వాన నీటి పైపు బాగా పనిచేస్తే అసలు అది ఉందనే ఎవరికీ తెలియదు. పనిచేయని రోజున మాత్రం ఊరంతా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మమ్మల్ని తలుచుకుంటుంది. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీరు చేసిన పనుల్లో మేము చూడదగ్గది ఏదైనా ఉందా?" అని అడుగుతారు. ఉంది. కాకపోతే వంగి లోపలికి పోవాలి. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పుడు దేనికది జిల్లా. అప్పుడు మూడూ వరంగల్ జిల్లాలోని ఊళ్ళే. మూడింటిలోనూ రోడ్ల కింద పాత సిమెంటు పైపులుండేవి. అడుగు అరిగిపోయి, నెత్తిన పెచ్చులూడి, లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి పక్కటెముకల్లా కనిపించేవి. అలాంటి పైపును బాగుచేయడానికి మాకు తెలిసిన దారి ఒకటే: రోడ్డు తవ్వి, పాతది తీసి, కొత్తది వేయడం. ఆ రోడ్డు మీద ఎవరి బతుకుతెరువు ఉన్నా పక్కకు జరగమనడం.

అప్పుడు వచ్చింది పిచికారీ పూత. తవ్వే పనిలేదు. పైపును లోపల బాగా శుభ్రం చేసి, మనిషి గొట్టం పట్టుకుని లోపలికి పోయి, కంప్రెషర్ గాలితో చుట్టూరా పూత కొడతాడు. అది గట్టిపడితే పాత పైపు లోపల ఇంకో పైపు తయారైనట్టే. కాగితం మీద ఈ పద్ధతి ఎంత బాగుందంటే మా పెద్దసారు చదివి "బావుందండీ" అని రెండుసార్లు అన్నారు. ఆయన ఒకసారి అనడమే అరుదు.

పెద్దసారు కోస్తా మనిషి. నిజాయితీపరుడు, పని తెలిసినవాడు, పొదుపుగా మాట్లాడేవాడు. వచ్చిన కొత్తలో మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది. ఆయన మాట మాకు పూర్తిగా అర్థమయ్యేది, మేము సినిమాలు చూసి పెరిగాం కాబట్టి. ఆయన మూడు ఊళ్ళలో మూడు పైపులను పరీక్షకు ఎంచి, బాధ్యత నాకు అప్పగించి, తోడుగా ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను ఇచ్చారు. ఆ ఇన్‌స్పెక్టర్ మహబూబాబాద్ దగ్గరి తండా మనిషి. వయసులో నాకన్నా పెద్ద కాబట్టి నేను "అన్నా" అనేవాణ్ణి, హోదాలో చిన్న కాబట్టి ఆయన నన్ను "సార్" అనేవాడు. కంప్రెషర్ మొరాయించినప్పుడల్లా దాన్ని లంబాడీలోనే తిట్టేవాడు. ఎందుకని అడిగితే, "తెలుగుల తిడితే మీకు తాకుతది సార్" అన్నాడు.

మొదటి పరీక్ష మహబూబాబాద్‌లో. ఆ ఊరిని మా వైపు మానుకోట అంటారు. అక్కడ కొట్టింది రసాయన పూత. రెండు డబ్బాల ద్రవం నాజిల్ దగ్గర కలిసి గోడకు అంటుకుంటుంది, పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు తీసుకుంటుంది. ఆలోపు దానికి గిట్టనిది ఒక్కటే, నీళ్ళు. పని అయిపోయాక అన్న లోపలికి లైటు కొట్టి చూసి, "కొత్త చెంబు లెక్కున్నది సార్" అన్నాడు. నేను తృప్తిగా మీటింగుకు వరంగల్ పోయాను.

నేను అటు పోగానే పెద్దసారు తనిఖీకి వచ్చారు. మా శాఖలో పెద్ద అధికారి ఎవరైనా పని దగ్గరికి వస్తే జీపు దిగకముందే "నీళ్ళు బాగా కొట్టిస్తున్నారా?" అంటారు. సిమెంటు పని కొన్నాళ్ళపాటు తడి ఆరకుండా ఉంటేనే బలం పట్టుకుంటుంది. ఆ మాట అక్కడ పుట్టింది. పోనుపోను దానికి సిమెంటుతో సంబంధం తెగిపోయింది. తోటి ఉద్యోగి గృహప్రవేశానికి పోయి పాయసం తింటూ కూడా, రంగులేసిన గోడను చూసి ఆ మాటే అంటారు. ఈ ఒక్క విషయంలో రెండు ప్రాంతాలకూ ఏ తేడా లేదు. పెద్దసారు పైపు నోటి దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసి, "ఏంటయ్యా ఇలా ఎండిపోయి ఉంది? నీళ్ళు కొట్టించండి" అని చెప్పి వెళ్ళిపోయారు.

అన్న కొట్టించాడు. ట్యాంకర్ తెప్పించి మరీ కొట్టించాడు.

తెల్లవారి నేను పోయి చూసేసరికి పైపు లోపల నెత్తి నుంచి అడుగు దాకా పూరీలు పొంగి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో నొక్కితే బుస్సుమంది.

"ఇదేందన్నా?"

"నీళ్ళు కొట్టిన సార్."

"డబ్బా మీద నీళ్ళు తాకొద్దని రాసి ఉన్నది గదా!"

"ఉన్నది. కొట్టమని పెద్దసారన్నడు. రేపు నాకు మెమో ఇచ్చేది డబ్బా మీద రాసినోడా సార్, పెద్దసారా?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చెప్పరు.

పెద్దసారు తప్పును దాచే మనిషి కాదు. ఫోన్‌లో నాతో, "నా వల్లే అయిందండీ" అన్నారు. కాకపోతే ఆయన పశ్చాత్తాపం కూడా ఆఫీసు పద్ధతిలోనే బయటికి వచ్చింది. వారం తిరగకముందే సర్క్యులర్ జారీ అయింది: పిచికారీ పూత పనుల్లో ఏ దశలోనూ నీళ్ళు వాడరాదు.

రెండో పరీక్ష భూపాలపల్లిలో, కాటారం పోయే రోడ్డు కింద. అక్కడ కొట్టాల్సింది సిమెంటు పూత. దీనికి కథ తిరగబడుతుంది. కొట్టకముందు పైపును నీళ్ళతో గట్టిగా కడగాలి, కొట్టిన తర్వాత తడి ఆరకుండా చూడాలి. నేను పెద్దసారుకు ఫోన్ చేశాను.

"సార్, ఇది సిమెంటు. నీళ్ళు కావాలి."

"సర్క్యులర్ మీద సంతకం ఇంకా ఆరలేదండీ. అప్పుడే మార్చితే ఏం బావుంటుంది? ఈసారికి పొడిగుడ్డతో తుడిపించండి."

అది బొగ్గు గనుల ఊరు. పైపు లోపల ఏళ్ళ తరబడి బొగ్గుపొడి పేరుకుని కాటుకలా పట్టుకుని ఉంది. పొడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది, పైపు అలాగే ఉంది. దాని మీదే పూత కొట్టాం. పూత గోడకు కాక బొగ్గుపొడికి అంటుకుంది. పైన మొదటి బొగ్గు లారీ పోగానే, దులిపిన చాపలా మొత్తం జారి కిందపడింది.

అన్న దాన్ని చాలాసేపు చూసి, "మానుకోటల నీళ్ళెక్కువైనయి, గీడ తక్కువైనయి. జనగామల మజ్జిగ కొడదామా సార్?" అన్నాడు.

నవ్వు రావలసిన మాటే. ఆ రోజు నాకు రాలేదు. మిగిలింది జనగామ ఒక్కటే.

జనగామలో ఆ పైపు బజారు రోడ్డును అడ్డంగా దాటి, రోడ్డు పక్క చిన్న దుకాణాల వరుస కిందుగా పోతుంది. టైలరు, సైకిల్ రిపేరు, గాజుల కొట్టు, చివరికి కళాయి దుకాణం. కళాయి వేసే ముసలాయనను బజారంతా చిచా అనేది, నేనూ అదే అన్నాను. పెద్దసారు నాకు స్పష్టంగా చెప్పారు: రోడ్డు శాఖ వాళ్ళు కొత్త తారు వేయబోతున్నారు, ఆలోపు ఈ పూత పనికొస్తుందని బరువు పరీక్షలో తేలాలి, తేలకపోతే తవ్వడమే. తవ్వితే ఆ వరుసంతా పోతుంది. ఒకసారి లేచిన దుకాణానికి మళ్ళీ అక్కడే చోటు దొరకదని దుకాణాల వాళ్ళకూ తెలుసు, మాకూ తెలుసు.

మేము మొదటిసారి పోయిన రోజు చిచా కొలిమి దగ్గరి నుంచి లేవకుండానే పలకరించాడు.

"క్యా సాబ్, దుకాణాలు కూలగొట్టనీకి వచ్చిన్రా?"

"కూలగొట్టకుండ ఉండేటందుకు వచ్చినం చిచా. పైపుకు లోపల పూత వేస్తం."

ఆయన ముఖం వెలిగింది. "అంటే కళాయి!"

"అట్లాంటిదే."

"మరి నౌసాదర్ తెచ్చిన్రా?"

నౌసాదర్ అంటే నవసాగరం, కళాయికి ముందు గిన్నె మైల పోవడానికి చల్లే తెల్లటి పొడి. "ఇది సిమెంటు చిచా, దీనికి అది పనికిరాదు" అన్నాను.

"అరె సాబ్! జిందగీ అంత ఇదే పని చేసిన. నౌసాదర్ లేకుంట ఏదీ పట్టది. ఇత్తడి గానీ, రాగి గానీ, మీ పైపు గానీ."

ఆయన నమ్మకం ముందు నా డిగ్రీ కొంచెం వంగి నిలబడింది. కానీ ఈ విషయంలో డిగ్రీ చెప్పిందే సరి. ఆ పొడి ఒక రకం ఉప్పు. సిమెంటు పూత కింద అది ఉంటే పట్టు రాదు. ఆ ముక్క ఆయనకు వివరంగా చెప్పాను. తలూపాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తలూపాడు. తలూపితే ఒప్పుకున్నట్టేనని అనుకున్నాను.

ఇక నీళ్ళ సంగతి. సర్క్యులర్ ఇంకా బతికే ఉంది. నేనూ అన్నా పైపు ముందు నిలబడి ఆలోచిస్తుండగా ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన కురిసింది. జనగామలో వాన అడిగినప్పుడు రాదు. ఆ రోజు అడగకుండానే వచ్చి, ఏళ్ళ నాటి బురదనంతా పైపులోంచి ఈడ్చుకుపోయింది. వానకు మెమో ఇచ్చే అధికారం మా శాఖలో ఎవరికీ లేదు. నీళ్ళు తగ్గగానే అన్న మనుషులతో లోపలికి దిగి, తడి ఆరకముందే ఇనుప బ్రష్షులతో గోడలు రుద్దించాడు. దుకాణాల వాళ్ళు కూడా దిగి తలా ఒక చెయ్యి వేశారు. మరుసటి రోజు పూత కొట్టాం. అన్నే స్వయంగా నాజిల్ పట్టాడు. ఆయన కొడుతుంటే చూడడానికి రెండు కళ్ళు చాలలేదు. ఒక కంట్లో సిమెంటు పడింది కూడా.

ఆ మరునాటి నుంచే ఉద్యోగుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు, బస్సులు డిపోల్లో, మేమంతా రోడ్డు మీద. ఉద్యమంలో నేనూ ఇష్టంగానే ఉన్నాను, ఆ మాటలో దాపరికం లేదు. కానీ పూత మీద తడి ఆరకూడదు, దానికి సమ్మె తెలియదు. అప్పుడు అన్నకు తట్టింది.

"సార్, సమ్మెల ఉన్నోనికి సర్క్యులర్ ఉంటదా?"

"డ్యూటీలోనే లేనోనికి ఏం ఉంటదన్నా?"

"మరి దుకాణాలోళ్ళు వాళ్ళ దుకాణం కింద నీళ్ళు పోసుకుంటే మనకేంది?"

టైలరు గోనె సంచులు కుట్టి పెట్టాడు. గాజుల కొట్టు అక్క పొద్దున, సైకిల్ షాపాయన మధ్యాహ్నం, చిచా సాయంత్రం బిందెలు మోశారు. తడి గోనె సంచులు పూతకు ఆనించి ఉంచారు. అన్న పైపు నోటి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా ఉద్యోగ సంఘం వాళ్ళు వచ్చి, "ఏందన్నా, సమ్మెల పని చేస్తున్నవా?" అంటే, "చేస్తలేను, చూస్తున్న. చూసుడు బంద్ పెట్టిన్రా?" అనేవాడు.

పరీక్ష గడువు దగ్గరపడింది. పైపు మీద రోడ్డుపై రెండు నిండు ఇసుక లారీలు గంటల తరబడి నిలబడాలి, లోపల కొలవాలి. పెద్దసారు ఫోన్ చేశారు. "మీరేమో సమ్మెలో ఉన్నారు. లారీ దొరకదు, డ్రైవరు దొరకడు. గడువు దాటితే తవ్వమని రాయడం తప్ప నాకు దారి లేదండీ."

"గడువు రోజు మీరు ఒక్కరు జనగామ రండి సార్. చాలు."

ఎందుకంత ధీమాగా అన్నానంటే, సరిగ్గా ఆ రోజే జనగామలో వంటావార్పు ఉంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, అంతసేపూ రోడ్డు ఆపడం. రాష్ట్రం కోసం మేము కనిపెట్టిన నిరసనల్లో కడుపుకు కూడా పనికొచ్చింది అదొక్కటే. రోడ్డు ఎక్కడ ఆపాలని కమిటీ మీటింగులో చర్చ వచ్చింది. నేను కళాయి దుకాణం ముందు అన్నాను. ఎందుకని అడిగారు. నీడ ఉంటుంది, నల్లా దగ్గర అన్నాను. రెండూ నిజమే.

ఆ రోజు పొద్దున్నే నేనూ అన్నా పైపు లోపల ఇనుప ఆసరాలు నిలబెట్టాం, నెత్తికీ వాటికీ వేలు పట్టేంత సందు వదిలి. పొరపాటున పైపు కుంగితే పట్టుకుంటాయి, మనుషులకు ప్రమాదం ఉండదు. వెంట్రుక మందం కదిలినా ముల్లు తిప్పే డయల్ గేజీలు బిగించాం. పైన రోడ్డు మీద, పైపు ఉన్న మేర సున్నంతో పెద్ద చతురస్రం గీశాను. ఆ గీతల్లో లారీలు తప్ప మనుషులు ఉండకూడదని నా ఉద్దేశం.

రోడ్డు ఆపడం మొదలవగానే అన్న లారీలను సర్దే పని తన మీద వేసుకున్నాడు. "ఆగు! ఇగ ముందుకు పోవద్దు! ఆ... జర ముందుకు రా. ఇంకింత. ఉద్యమం కోసం ఇంకింత!"

డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆపమంటున్నరా, నడపమంటున్నరా?" అన్నాడు.

"రెండూ!"

పెద్దసారు కారు ఊరి బయటే ఆగిపోయింది. గొడుగు వేసుకుని నడిచి వచ్చారు. సున్నం గీతల మధ్య నిలబడి ఉన్న బళ్ళను చూసి గొడుగు కిందికి దించారు. ఒకటి బొగ్గు లారీ. రెండోది గ్రానైటు బండలు మోసుకుపోతున్న పెద్ద ట్రెయిలర్.

"ఇదేంటండీ? నేను రాసింది ఇసుక లారీలు కదా!"

"ఉద్యమంల ఏది దొరికితే అదే సార్" అన్నాడు అన్న.

"రెట్టింపు బరువుందండీ!" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది పరీక్ష కాదు, శిక్ష."

ట్రెయిలర్ డ్రైవర్‌ను పిలుద్దామని నేను వెనక్కి తిరిగాను. తిరిగి చూస్తే సున్నం గీతల్లో, రెండు బళ్ళ మధ్య, ఆడవాళ్ళు బండరాళ్ళు పేర్చి పొయ్యిలు పెడుతున్నారు. ఒక పొయ్యి అప్పటికే మండుతోంది. సభలకైనా వంటలకైనా మా దగ్గర ముందు సున్నంతోనే గీతలు గీస్తారు. గీత కనిపించిన చోట పొయ్యి పెట్టడం అక్కడ అందరికీ తెలిసిన పద్ధతి. నాకు తప్ప.

ఆడవాళ్ళను నడిపిస్తున్నది ఒక స్కూలు టీచరు. పిల్లలనూ పెద్దలనూ ఒకే గొంతుతో పలకరించే మనిషి. నేను పరుగెత్తాను.

"టీచరమ్మా, పొయ్యిలు జర పక్కకు పెట్టించున్రి."

"ఎందుకు? జాగ మీరే గీసి పెట్టిన్రట గదా?"

"గీసింది వంటకు కాదమ్మా. కింద పాత పైపు ఉన్నది. కొత్తగ పూత వేసినం. ఈ బండ్ల బరువుకు ఆగుతదో లేదో ఇయ్యాల చూస్తున్నం. ఆగకుంటే ఈ దుకాణాలన్నీ తీసేస్తరు."

ఆమె ఒకసారి దుకాణాల వైపు, ఒకసారి గ్రానైటు బండల వైపు చూసింది. "కూలుతదా?"

"కూలదు. ఆసరాలు కూడ పెట్టినం."

"నీకు నమ్మకమున్నదా?"

"ఉన్నది."

"మరింకేంది? మండే పొయ్యి ఎవలు జరుపుతరు? మేము పైన కూసుంటం, నువ్వు పోయి కింద కూసో."

ఉద్యోగంలో నాకు చాలా పరీక్షలు పెట్టారు, డిపార్టుమెంటు పరీక్షలతో సహా. ఇంత సూటి ప్రశ్నపత్రం మళ్ళీ చూడలేదు. నేను చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, పైపులోకి దిగాను. అన్న నా వెనకే దిగాడు. వెనక్కి తిరిగి చూస్తే, గొడుగు చిచాకు ఇచ్చి పెద్దసారు కూడా వంగి లోపలికి వస్తున్నారు. "మీరెందుకు సార్" అంటే, "నేను రాసిన బరువు కాదు కదండీ, చూడాలి మరి" అన్నారు.

లోపల చల్లగా ఉంది. గేజీ ముల్లు బళ్ళు ఎక్కినప్పుడు ఒక గీత కదిలి, అక్కడే ఆగింది. మేము దాన్నే చూస్తూ కూర్చున్నాం. పైన అన్నం ఉడుకుతున్న వాసన మ్యాన్‌హోల్ లోంచి దిగి వస్తోంది. ముల్లు కదల్లేదు. పెద్దసారు ముల్లును చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ముల్లును చూశారు. అది ఆయన భాషలో చప్పట్లు.

ఇక మిగిలింది సుత్తి పరీక్ష. పూత గోడకు గట్టిగా పట్టుకుని ఉంటే చిన్న సుత్తితో తడితే ఠంగుమంటుంది. వెనక డొల్ల ఉంటే బొత్తుమంటుంది. చెవి పెట్టి వినాలి. సరిగ్గా అప్పుడే పైన డప్పులు మొదలయ్యాయి. పైపు మొత్తం ఒకే డప్పులా మోగింది. సుత్తి కొట్టింది చేతికి తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు. అన్న మ్యాన్‌హోల్ దాకా పోయి తల బయటపెట్టాడు. మాటలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"తమ్మీ, జరసేపు డప్పు ఆపున్రి."

"ఏంది, డప్పు ఆపాల్నా? స్టేట్ కోసం కొడుతున్నం. ఎవలు చెప్పిన్రు ఆపమని? పైనుంచి ఆర్డరొచ్చిందా?"

"పైకెల్లి కాదురా అయ్యా, కిందికెల్లి వచ్చింది!"

తర్వాత టీచరమ్మ గొంతు: "ఆపున్రి. ఆ సార్లు కింద కూసున్నరు."

డప్పు ఆగింది. అంతమంది ఉన్న రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎరగను. పెద్దసారు నా చేతిలోని సుత్తి తీసుకున్నారు. ఠంగ్. ఒక అడుగు. ఠంగ్. టైలరు కింద, ఠంగ్. సైకిల్ షాపు కింద, గాజుల కొట్టు కింద, ఠంగ్, ఠంగ్. నాకు ప్రతి దెబ్బా అరెకరం పొలం రాసిచ్చినట్టుంది. వరుస చివరికి వచ్చాం.

బొత్.

పెద్దసారు ఆగారు. చుట్టూ తట్టి చూశారు. విస్తరాకంత మేర డొల్ల. అన్న నా చెవి దగ్గరికి వచ్చాడు.

"చిచా దుకాణం కింద సార్. గోడలు రుద్దిన నాడు ఆయన ఒక డబ్బా పట్టుకొని దిగిండు. తెల్లపొడి. తన జాగ తనే సాఫ్ చేస్తనన్నడు. ఉప్పనుకున్న."

"ఏం పొడండీ?" అన్నారు పెద్దసారు. పైపు లోపల రహస్యం నిలవదు.

చెప్పాను. కళాయి సంగతి, నవసాగరం సంగతి, తలూపిన సంగతి. ఆయన సుత్తితో ఆ చోట ఇంకోసారి తట్టారు. తర్వాత పక్కనే ఆనించి ఉన్న గోనె సంచి మీద చెయ్యి వేసి, తడిసిన అరచేతిని లైటు వెలుగులో చూసుకున్నారు.

"ఇది తడేంటండీ?"

"వాన సార్" అన్నాడు అన్న.

"గోనె సంచి మీదా?"

"జనగామల గట్లనే పడ్తది సార్."

సర్క్యులర్ పెద్దసారుదే, తడి మాది, పైన గ్రానైటు ఎవరిదో. ఆయన గేజీ దగ్గరికి పోయి ముల్లును ఇంకోసారి చూశారు. ఉన్నచోటే ఉంది. అప్పుడు ఆయన నవ్వారు. నేను ఆయన పళ్ళు చూడడం అదే మొదటిసారి.

"విస్తరాకంత డొల్లకి వీధంతా తవ్వుతామాండీ? ఆ ముక్క కోసి మళ్ళీ కొట్టించండి." రెండడుగులు వేసి ఆగారు. "నీళ్ళు బాగా కొట్టించండి."

మేము బయటికి వచ్చేసరికి రోడ్డు మీద భోజనాల బంతులు సాగుతున్నాయి. టీచరమ్మ మా ముగ్గురికీ గ్రానైటు బండి నీడలో, సరిగ్గా పైపు మీదే విస్తళ్ళు వేయించింది. "ఆగిందా?" అంది. ఆగిందన్నాను. "మరి తిను" అంది. పెద్దసారు పప్పు రెండోసారి వేయించుకున్నారు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. చిచా పెద్దసారు పక్కన నిలబడి, నీడలోనే అయినా గొడుగు పట్టాడు.

సర్క్యులర్ రద్దయింది. తర్వాత మానుకోట పైపుకూ, భూపాలపల్లి పైపుకూ ఇదే పూత, ఇదే పద్ధతిలో, ఎవరు ఎప్పుడు ఎంత నీళ్ళు పోయాలో తేల్చుకున్నాకే కొట్టాం. రెండూ నిలబడ్డాయి. జనగామ రిపోర్టులో ఆ డొల్లకు కారణం రాయాల్సి వస్తే నేను "స్థానికుల ఉత్సాహం" అని రాశాను. పెద్దసారు కొట్టివేయకుండా సంతకం పెట్టారు. ఆ కారణం తన పొడేనని చిచాకు మాత్రం మేమెవరం చెప్పలేదు. రాష్ట్రం వచ్చింది, జిల్లాలు విడిపోయాయి, ఆ రోడ్డు మీద ఎన్నో వానలు పోయాయి. నేను జనగామ మీదుగా పోయినప్పుడల్లా బస్సు ఆ దుకాణాల ముందు నుంచి వెళుతుంటే కిటికీ వైపు జరిగి కూర్చుంటాను. కింద ఏముందో బస్సులో ఎవరికీ తెలియదు. పిల్లలూ, నాకు తెలుసు కదా. అది చాలు, కొంచెం ఎక్కువే కూడా.

మొన్న అటక మీది గుండిగను దించి, చీరలో మూటగట్టి, జనగామ తీసుకుపోయాను. దుకాణాల వరుస అలాగే ఉంది. చిచా బాగా ముసలివాడయ్యాడు. దుకాణంలో ఇప్పుడు మిక్సీల రిపేరు నడుస్తోంది. అయినా నన్ను గుర్తుపట్టి, మూలనున్న కొలిమి వెలిగించి, గిన్నె కాల్చి, తెల్లపొడి చల్లి, తగరం రాసి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పాడు. లోపల వెన్నెల పోసినట్టయింది. నేను దాన్ని వెలుగులోకి తిప్పి తిప్పి చూస్తుంటే చిచా చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"చూడు సాబ్ మంచిగ, ఒక్క అతుకు కూడ ఉండది. మీరేమో అందరి దుకాణాల కింద నున్నగ ఏసి, నా దుకాణం కిందనే అతుకు పెట్టిన్రు. నౌసాదర్ ఎయ్యున్రి అని ఆనాడే చెప్పిన, ఇన్నరా?"